పాతర మూత తీసిన రోజు

మొన్న మా కోడలు బట్టలుతికే యంత్రం కొందామని, దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా కొలిచి కొలిచి, చివరికి వంటింటి పక్కనున్న నా సామాన్ల గది ముందు వచ్చి నిలబడింది. ఆ గదిలో ఏడాదికి సరిపడా చింతపండు, జాడీలో రాళ్ల ఉప్పు, ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టిన కందులు, ఎండు గోంగూర, మామిడి ఒరుగులు, రెండు పెద్ద డబ్బాల జొన్నలు, ఓ మూలన కట్టెల పొయ్యి, దాని పక్కన పిడకలు ఉంటాయి. పిల్ల మంచిదే, నా ముందు గొంతు పెంచి ఎరగదు. ఇప్పుడేమన్నా కరువా అత్తమ్మా, అడిగితే సామాను గుమ్మంలోకే వస్తుంటే ఇవన్నీ ఎందుకని నవ్వుతూనే అడిగింది. నేను మాత్రం నవ్వలేదు. ఆ యంత్రాన్ని వాకిట్లో పెట్టుకో, నెత్తిన పెట్టుకో, నా గది జోలికి రాకు అన్నాను. అదిప్పుడు స్నానాల గది దగ్గర దారికడ్డంగా ఉంది, అందరం పక్కకు ఒదిగి నడుస్తున్నాం.

నా ఈడు వారికి ఇది ముసలి పంతం అనిపించదని నాకు నమ్మకం. మాది అమరచింత దగ్గర పల్లె. ఇంట్లో ఉప్పుకో మిరపకాయకో పరుగెత్తడమంటే మా అమ్మకు తలకొట్టేసినట్టుండేది. ఎండాకాలం వస్తే చాలు, మిద్దె మీద కాలు పెట్టే చోటుండేది కాదు, ఒక చాప మీద కూరగాయల ముక్కలు, ఒక చాప మీద మిరపకాయలు, మధ్యలో కాకుల్ని తోలుతూ కర్ర పట్టుకుని నేను. వాన పట్టిన రోజుల కోసం కట్టెలు, జ్వరాల కోసం శొంఠి, ఎద్దుల కోసం చొప్ప, ఇలా ప్రతి ఆపదకూ ఇంట్లో ఓ మూల కేటాయించి ఉండేది. వీటన్నిటిలోకీ పెద్దది పాతర, భూమిలో ధాన్యం దాచే గొయ్యి.

చూడని వారి కోసం చెబుతాను. వాకిట్లో మనిషి దిగేటంత మూతి ఉంచి, లోపల బాన పొట్టలాగా వెడల్పుగా తవ్వి, గడ్డి వేసి కాల్చి గోడలు గట్టిపరిచి, మళ్లీ ఎండుగడ్డి పరిచి అందులో జొన్నలు పోసేవారు. పైన బండ వేసి మట్టితో మెత్తితే అక్కడ ధాన్యం ఉందని కొత్తవాడికి తెలిసేది కాదు. దానికో కట్టుబాటు ఉండేది. ఇంట్లో రోజూ వాడే గింజల గుమ్మి అడుగు ఊడ్చేదాకా పాతర ముట్టరాదు, ముట్టినాక సగం తీసి మళ్లీ మూయరాదు, గాలి సోకితే పురుగు పడుతుంది. ఒక మంచి పంట ఏడు మా నాయిన అంతా అమ్మేద్దామన్నా వినకుండా అమ్మ పట్టుబట్టి పాతర నింపించింది. ఆ మరుసటి వానాకాలం వీధి నీళ్లు వచ్చి సరిగ్గా దాని మీద నిలిచాయి. ఇక అది ఎరువే అయివుంటుందని ఊరంతా తీర్మానించింది. ఒకసారి తెరిచి చూద్దామని ఎవరన్నా అంటే మాత్రం అమ్మ కట్టుబాటు చెప్పి నోరు మూయించేది. తెరిచి చూసి ఉంటే కొంతన్నా ముందే దక్కించుకునేవాళ్లం కదా అని ఇప్పుడనిపిస్తుంది గాని, ఆ రోజుల్లో అలా ఎవరూ చేసేవారు కాదు.

ఆ తర్వాత వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. పాలమూరు పల్లెల్లో అలాంటప్పుడు ఏం జరిగేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. మేస్త్రీ వచ్చేవాడు, మనుషుల్ని గుంపుగా కట్టేవాడు, లారీ ఎక్కించి ఎక్కడో కాలువలు తవ్వే చోటికి తీసుకుపోయేవాడు. మా వాడకట్టులో ఇంటింటికీ తాళాలు పడుతున్నాయి. నాయిన కూడా అడ్వాన్సు పుచ్చుకోలేదన్న మాటే గాని వస్తామని చెప్పేశాడు. నేనప్పుడు ఏడో తరగతి. నేను కూడా పోవాలి, గుడిసెల దగ్గర వంట చూడాలి, పనివాళ్ల పసిపిల్లల్ని ఎత్తుకోవాలి. అంతకు ముందు ఏడు అలా వెళ్లిన ఆడపిల్లలెవరూ తిరిగి బడికి రాలేదు.

లారీ వచ్చిన రోజు పొద్దున అమ్మ గుమ్మిలోకి దిగి చీపురుతో అడుగు ఊడ్చింది. బయటికి వచ్చి, ఇప్పుడు పాతర తీయాలంది. కుళ్లిన దాన్ని తీసి ఏం చేస్తావని నాయిన విసుక్కున్నాడు. కుళ్లితే నీ వెంట వస్తాను, కుళ్లకపోతే ఎవరం పోయేది లేదని అమ్మ తేల్చి చెప్పింది. అప్పుడే మమ్మల్ని బయలుదేరదీయడానికి వచ్చిన మేస్త్రీ, తమాషా చూద్దామన్నట్టు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

బండ జరపగానే లోపలినుంచి వేడి ఆవిరి, పులిసిన వాసన గుప్పున కొట్టింది. తాడు కట్టి వెలిగించిన కందీలు లాంతరు దింపితే సగం దూరం పోకముందే ఆరిపోయింది. నాయిన దిగబోతుంటే మా నాయనమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"గప్పుడే దిగకు కొడుకా. కందీలు నిలిస్తెనే మనిషి నిలుస్తడు" అంది.

మూతి తెరిచి పెట్టి కూర్చున్నాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. బండి సాయంత్రానికల్లా కదులుతుందని మేస్త్రీ గుర్తు చేస్తూనే ఉన్నాడు. నా బట్టల మూట గుమ్మం దగ్గర కట్టి పెట్టి ఉంది, ఎవరికీ చెప్పకుండా అందులో నా పుస్తకాలు కూడా దూర్చాను. చివరికి కందీలు అడుగుదాకా పోయి నిలిచి వెలిగింది. నాయిన దిగి మొదటి గంప పైకి అందించాడు. నల్లగా ముద్దకట్టి, ముక్కు మూసుకోవలసిన కంపు. మేస్త్రీ పకపకా నవ్వాడు. అమ్మ ఎవరి వైపూ చూడకుండా దాన్ని పెంటదిబ్బ మీద పోసి వచ్చి, ఇంకా తీయమంది. రెండో గంపా అంతే. నాయిన లోపలినుంచి ఇక చాలన్నాడు, నాకు ఏడుపు ఆగలేదు. ఇంకా తీయమనే అంది అమ్మ. ఆ తర్వాత వచ్చిన గంపలో గింజలు గలగలమన్నాయి. నాయనమ్మ ఒకటి పంటికింద వేసుకుంటే టక్కున విరిగింది.

అమ్మ చేతులు దులుపుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

"మేం రాం అన్నా. మా ఇంట్ల తిండి ఉన్నది, మా బిడ్డె బడికి పోతది."

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. పాతర తీసిన వేళ వాకిట్లో ఉన్నవారిని ఉత్త చేతులతో పంపరాదని అమ్మ అతని తువ్వాలులోనే చాటెడు జొన్నలు పోసి మూటకట్టి ఇచ్చింది. మూట చంకన పెట్టుకుని వీధిలో నడిచిపోతున్న ఆ మనిషి వీపు చూసి నేను పొందిన సంతోషం తర్వాత నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా పొందలేదు.

మళ్లీ వానలు పడేదాకా అంబలి, గటక, రొట్టె, ఎండు గోంగూర పులుసుతో నెట్టుకొచ్చాం. పాతర జొన్నల వాసన రొట్టెకే కాదు, మా ఒంటికీ పట్టింది. బడిలో పిల్లలు నా పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవారు. మూసుకోనీ అనుకున్నాను. ఆ వాసనతోనే పది పాసయ్యాను, అంగన్వాడీలో టీచరునయ్యాను.

కరువు మళ్లీ రావాలని నేను కోరను, కోరేవాళ్లకు కరువంటే తెలియదు. కానీ అందరూ అనుకున్నట్టు మా అమ్మ భయపడి దాచలేదు, ఎవరికీ తల వంచకూడదని దాచింది. మొన్న ఆదివారం నా కొడుకు అన్నం ముందు కూర్చున్నాడో లేదో, కంపెనీ నుంచి ఫోను వచ్చింది, కలిపిన ముద్ద పళ్లెంలో వదిలేసి లేచాడు. ఈ ఒక్కరోజు రానని చెప్పరా అన్నాను. "రానంటే ఎట్లమ్మా, నెల తిరిగితే ఇల్లెట్ల నడుస్తది" అంటూ చెప్పులు తొడుక్కున్నాడు. వాడికి నలభై దాటాయి, నేను విన్నంతలో ఇప్పటిదాకా ఎవరికీ రానని చెప్పలేదు. వాడి పళ్లెం మీద మూత పెడుతుంటే నాకు కడుపు మండిపోయింది. ఈసారి ఆదివారం ఆ ఫోను మోగితే నేనే ఎత్తుతాను.