పిల్లల్ని అడగమన్న ఆంటీ

జాన్సన్‌విల్ ఆంటీ ప్రభువునందు నిద్రించారని చర్చి గ్రూపులో మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను వెల్లింగ్టన్‌కి దూరంగా ఆల్బనీలో ఆఫీసు ముగించుకుని బస్సులో ఉన్నాను. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుందామని కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. మెసేజ్ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడుతున్నాయి. నేను ఆ చర్చి మనిషిని కాను. క్రిస్మస్‌కి ఎవరు ఏం వండుకొస్తున్నారో తెలియకపోతే ఎలా అని ఆవిడే పట్టుబట్టి నన్ను ఆ గ్రూపులో చేర్పించారు. నేనూ ఒక బొమ్మ పెట్టబోయి ఆగిపోయాను. ఆవిడ గురించి చెప్పాల్సింది అందులో పట్టదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

వెల్లింగ్టన్‌లో చదువుకున్నన్నాళ్ళూ నేను జాన్సన్‌విల్ పేటలో ఆవిడ ఇంట్లోనే ఒక గదిలో ఉన్నాను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. నాన్న గొర్రెలు కాస్తాడు. అమ్మ మిరప కోతలకి వెళ్తుంది. నా పదో తరగతి మార్కుల కాగితాన్ని అమ్మ కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములో అడుగున దాచింది. ఆమెకి చదవడం రాదు. ఆ కాగితానికి తను చేయగలిగిన మర్యాద దాచడమే. నేను విమానం ఎక్కే ముందు సర్టిఫికెట్లన్నీ సూట్‌కేసు లోపలి గుడ్డ విప్పి, దాని వెనక పెట్టి, మళ్ళీ కుట్టేసింది.

మొదటి రోజే ఆంటీ ఆ కుట్టు గమనించారు.

"మీ అమ్మ కుట్టిందా?"

"అవునండీ. మీకెలా తెలిసింది?"

"నన్ను నర్సింగుకి పంపేటప్పుడు మా అమ్మ పరుపులో పెట్టి కుట్టింది. మొదటి పరీక్షకి హాల్ టికెట్టు తీసుకోవాలంటే ఆ సర్టిఫికెట్లు కావాల్సొచ్చి హాస్టల్లో అందరూ కలిసి పరుపు చింపారు." చాలాసేపు నవ్వారు. నవ్వడం అయ్యాక మామూలుగా అన్నారు, "ఈ ఇంట్లో మాత్రం ఏదీ దాచకు తల్లీ. బల్లమీద పడెయ్, లేదంటే తాళం వేసి తాళంచెవి మెళ్ళో వేసుకో. మధ్యరకం నాకొద్దు."

ఏదో ఇంటి పద్ధతి కాబోలు అనుకున్నాను. వంటింటి అలమరాలకి తలుపులు పీకించేశారు. బిస్కెట్లు, జీడిపప్పు, చాక్లెట్లు గాజు సీసాల్లో అందరికీ కనపడేలా ఉండేవి. ఇంటికొచ్చిన పిల్లలు ఆ సీసాల చుట్టూ తిరిగి, ఎవరూ వద్దనకపోయేసరికి రెండు తిని ఊరుకునేవాళ్ళు. గరాజ్‌లో గోడకి బోల్టులతో బిగించిన సన్నటి ఇనుప బీరువా ఒకటి ఉండేది. లోపల ఏమీ లేదు. తలుపు మూసుకుపోకుండా అడ్డంగా ఒక ఇటుక పెట్టి ఉంచేవారు. అదేంటని అడిగితే, "మా అబ్బాయిది. తుపాకీ పెట్టుకునేవాడు" అన్నారు.  నేను ఇంకేం అడగలేదు.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం ఇడ్లీకి మినపప్పు నానబోస్తున్నాం. ఆవిడ పొట్లం కత్తిరించి తిన్నగా గిన్నెలో పోశారు. మిగిలింది స్టీలు డబ్బాలో పోద్దామని నేను డబ్బా వెతుకుతున్నాను.

"డబ్బా లేదు. పొట్లానికే రబ్బరుబ్యాండు వెయ్యి" అన్నారు. చేతులు కడుక్కుని కూర్చుని, ఎవరో అడిగినట్టుగా చెప్పడం మొదలుపెట్టారు.

వాళ్ళబ్బాయి పెరిగింది ఇక్కడే. తోటి పనివాళ్ళు జింకల వేటకి తీసుకెళ్తే సరదా పుట్టింది. పద్ధతి ప్రకారం లైసెన్సు తీసుకున్నాడు. ఇనుప బీరువా కొన్నాడు, బిగించాడు. పోలీసు వచ్చి దాన్ని పట్టుకుని ఊపి చూశాడు, కదల్లేదు. తూటాలు వేరే పెట్టెలో, దానికి వేరే తాళం. అన్నీ చట్టంలో ఉన్నట్టే. రెండు తాళంచెవులూ ఒక గుత్తికి వేసి మినపప్పు డబ్బాలో, పప్పు లోపలికి గుచ్చి దాచాడు. అవి ఆవిడ మనవడి చేతికి దొరికాయి.

"మా అమ్మ బీరువా తాళాలు పప్పు డబ్బాలోనే ఉండేవి. నావీ అక్కడే. వాడు చిన్నప్పట్నుంచి చూసింది అదే. వాడికి తెలిసిన భద్రమైన చోటు ఈ లోకంలో అదొక్కటే."

"మరి బాబుకెలా తెలిసిందాంటీ?"

"నేనే చెప్పా. నాకు మోకాళ్ళ నొప్పులు కదా. చిన్నా, పప్పు డబ్బాలోంచి నానమ్మ తాళాలు తేరా అంటే స్టూలెక్కి తెచ్చేవాడు. మోచేతి దాకా పప్పులో చెయ్యి పెట్టేసేవాడు. చేతికంటిన పొడి ప్యాంటుకి తుడుచుకునేవాడు. ఎంత మురిసిపోయేదాన్నో."

ఆ రోజు బడికి సెలవులు. ఆవిడ డ్యూటీలో, కోడలు ఉద్యోగంలో ఉన్నారు. కొడుకు పెరట్లో మిషనుతో గడ్డి కోస్తున్నాడు. ఆ మోతలో అతనికి ఏమీ వినపడలేదు. మనవడికి ఎనిమిదేళ్ళు. ఆవిడ చెప్పింది ఇంతే. నేనూ ఇంతకన్నా రాయను.

కొడుకు పోలీసులతో అన్నదీ, పాస్టరుగారితో అన్నదీ, తల్లితో అన్నదీ ఒకటే మాట: "రూల్స్ అన్నీ పాటించాను." తర్వాత భార్యాభర్తలిద్దరూ పెర్త్ వెళ్ళిపోయారు. "వాడు అబద్ధం చెప్పలేదమ్మాయ్. అదే నా బాధ. అబద్ధమైతే తిట్టేదాన్ని, తిట్టాక దగ్గరికి తీసుకునేదాన్ని" అన్నారు ఆంటీ.

ఆవిడని ఎవరైనా భోజనానికి పిలిస్తే నన్నూ వెంటబెట్టుకెళ్ళేవారు. మా వీధి చివర ఒక తెలుగు కుటుంబం కొత్తగా ఇల్లు కొనుక్కుని పిలిచారు. అన్నం వడ్డిస్తుండగా ఆవిడ ఇంటాయన్ని అడిగారు, "మీ ఇంట్లో తుపాకీ ఉందా బాబూ?"

"మనిళ్ళల్లో తుపాకులేంటాంటీ. ఉన్న ఆయుధం పప్పుగుత్తి ఒకటే, అదీ మా ఆవిడ చేతిలో ఉంటుంది." అందరూ నవ్వారు.

"ఉందనుకో. ఏం చేస్తావు?"

"తాళం వేస్తాం."

"తాళంచెవి?"

"దాచేస్తాం. మా ఆవిడ ఏదైనా దాచిందంటే నాకే దొరకదు. దొంగలకేం దొరుకుద్ది?"

ఆంటీ పక్కకి తిరిగారు. వాళ్ళ పాప ఇంకా బడిలో చేరలేదు, పెరుగన్నం కెలుకుతూ కూర్చుంది. "బంగారూ, అమ్మ గాజులు ఎక్కడ పెడుతుందో నీకు తెలుసా?"

పాప కుర్చీ దిగి వంటింట్లోకి పరిగెత్తింది. కింది అరలోంచి ఇడ్లీపాత్ర ఈడ్చుకొచ్చి, హాలు మధ్యలో మూత తీసింది. రేకుల కింద గుడ్డ సంచి. "హియర్" అంది గర్వంగా.

ఎవరూ నవ్వలేదు. ఇంటావిడ ఇడ్లీపాత్ర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. వాళ్ళు ఇంకొకరికి చెప్పినట్టున్నారు, మిగతా ఇళ్ళ పిలుపులూ తగ్గాయి. "ముసలావిడకి పాపం మతి చలించింది" అని ఒకరన్నది నా చెవిన పడింది. ఆవిడకి నేను చెప్పలేదు. ఆవిడకి తెలియకుండానూ ఉండదు.

ఆయుధాల చట్టాన్ని తిరగరాస్తున్నారని, ఎవరైనా వచ్చి తమ మాట చెప్పుకోవచ్చని పార్లమెంటు కమిటీ పిలిచినప్పుడు ఆంటీ తన పేరు ఇచ్చారు. మాట్లాడటానికి అయిదు నిమిషాలు. ఆవిడ చెప్పేవన్నీ నేను ఇంగ్లీషులో కుదించి రాశాను. చదివి, అక్కడక్కడా కొట్టేశారు.

"ఈ ఏడుపు మాటలు తీసెయ్. ఏడిస్తే గ్లాసుతో మంచినీళ్ళు ఇస్తారు. మాట మాత్రం వినరు."

జాన్సన్‌విల్ నుంచి రైల్లో వెళ్ళాం. సొరంగం వచ్చినప్పుడల్లా ఆవిడ గొంతు పెంచి మళ్ళీ మొదట్నుంచి అప్పజెప్పేవారు. ఎదురు సీటు కాలేజీ కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి విన్నాడు.

మా కంటే ముందు ఒక పెద్దాయన మాట్లాడాడు, రైతు. మర్యాదస్తుడు. ఉన్న చట్టం చాలని, పద్ధతిగా ఉండేవాళ్ళ మీద ఇంకా బరువు మోపొద్దని అన్నాడు. కుందేళ్ళ బెడద ఉన్న పొలంలో తుపాకీ కూడా పారలాంటి పనిముట్టేనని అన్నాడు. ఆయన చెప్పింది వింటే అదీ నిజమేననిపించింది.

తర్వాత ఆంటీ. నేను రాసిచ్చిన దాన్లో 'స్టోర్ చేశాం' అని ఉంది. ఆవిడ ఆ మాట దాకా వచ్చి ఆగారు. కాగితం బల్లమీద పెట్టేశారు.

"మేం స్టోర్ చెయ్యలేదు" అన్నారు ఇంగ్లీషులో. "దాచాం" అన్నారు తెలుగులో. మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చి, "మా భాషలో భద్రంగా పెట్టడానికీ కనపడకుండా పెట్టడానికీ ఒకటే మాట. ఆ రెండూ ఒకటే అనుకుని బతికాం. పిల్లలున్న ఇంట్లో దాచింది అంటూ ఏదీ ఉండదు. మీ పోలీసు బోల్టులు చూస్తాడు. నాదొక్కటే మనవి. ఆ ఇంట్లో పిల్లలుంటే, తల్లిదండ్రుల ఎదురుగానే, తాళంచెవి ఎక్కడుంటుందో వాళ్ళని అడగమనండి. చెప్పగలిగితే లైసెన్సు ఇవ్వకండి" అన్నారు.

ఒక సభ్యురాలు సౌమ్యంగానే అడిగింది, "పిల్లల చేత తల్లిదండ్రుల మీద చెప్పించినట్టు అవదా?"

"మావాడు చెప్పేవాడు మేడమ్. ఎవరూ అడగలేదు" అన్నారు ఆంటీ.

 సమయం అయిపోయిందని, వచ్చినందుకు చాలా కృతజ్ఞతలని చెప్పారు. ఒకాయన మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు. ఆంటీ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు.

బయట వరండాలో ఆ రైతు మా కోసం నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. "నా తాళంచెవి నా బెల్టుకే ఉంటుందమ్మా" అన్నాడు.

"స్నానానికి వెళ్ళినప్పుడు?" అని అడిగారు ఆంటీ.

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయాడు. ఆవిడ మాట ఎవరికైనా తగిలిందంటే, నాకు తెలిసినంతలో, ఆయనొక్కడికే తగిలింది.

కమిటీ నివేదిక వచ్చింది. మొత్తం చదివాను. తాళాల మందం గురించి ఉంది, తనిఖీల గురించి ఉంది, తుపాకీ ఉన్నవాళ్ళ ఇబ్బందుల గురించీ ఉంది. పిల్లల్ని అడగడం గురించి ఒక్క మాటా లేదు. ఆంటీకి ఎలా చెప్పాలో తెలియక చుట్టూ తిప్పి చెప్పాను.

"కాదన్నారా?"

"కాదని కూడా లేదాంటీ. అసలు లేదు."

"కాదంటే పోట్లాడేదాన్ని. లేనిదానితో ఏం పోట్లాడతాను" అన్నారు. ఆ రోజు చపాతీలు మాడ్చారు. మాడిన వాసన ఆవిడకి తెలియలేదు. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా ఆ ప్రశ్న అడగడం మానేశారు. పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. ఆవిడ వెళ్ళి, వడ్డించింది తిని, బాగుందమ్మా అని వచ్చేసేవారు. అడిగి అందరికీ దూరమైనప్పటి మనిషే నాకు నయం అనిపించేది.

నాకు పట్టా వచ్చిన రోజు మా వాళ్ళ తరఫున వచ్చి కూర్చున్నది ఆవిడే. వీడియో కాల్‌లో అమ్మకి ఆ కాగితం చూపిస్తే, అమ్మ ఏడుస్తూ "దాచుకో తల్లీ" అంది. ఆంటీ ఫోను తీసుకుని, "దాచడం కాదొదినా, గోడకి కొట్టిస్తా" అన్నారు. మర్నాడే ఫ్రేము కట్టించారు. ఇప్పుడు అది నా గదిలో, తలుపు తీయగానే కనపడే చోట ఉంది.

మట్టి చేయడానికి విమానంలో వెల్లింగ్టన్ వెళ్ళాను. పెర్త్ నుంచి కొడుకు ఒక్కడే వచ్చాడు. కార్యక్రమం అయ్యాక అందరూ ఇంటికొచ్చి భోజనాలు చేశారు. పిల్లలు ఇల్లంతా దాగుడుమూతలు ఆడుతున్నారు. నేను గరాజ్‌లో కుర్చీలు సర్దుతుంటే కొడుకు స్పానరు పట్టుకుని వచ్చాడు. ఇల్లు అమ్మేసేలోగా ఆ ఇనుప బీరువా తీసేయాలట. ఇటుక పక్కకి నెట్టి, తలుపు మూసి, బోల్టులతో చాలాసేపు కుస్తీ పట్టాడు. ఒక్కటీ కదల్లేదు.

"నేనే బిగించాను. కదలకూడదని" అన్నాడు నాతో. స్పానరు నేలమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

వీధి చివరి ఇంటాయన కుర్చీలు మడవడానికి సాయం వచ్చాడు. అతను వెళ్ళినవైపు చూసి, గొంతు తగ్గించి, "నేనూ లైసెన్సు తీసుకున్నానమ్మా. ఆఫీసులో అందరూ వేటకి వెళ్తుంటే రమ్మన్నారు. ఆంటీకి చెప్పలేదు, బాధపడతారని" అన్నాడు.

"తాళంచెవి?" అన్నాను.

"ఇడ్లీపాత్రలో కాదులే." నవ్వాడు. "ఈసారి గట్టి చోటే దాచాం."

అప్పుడే వాళ్ళ పాప గరాజ్‌లోకి వచ్చింది. బాగా పొడుగైంది. ఆటలో తనే దొంగ. మొహమంతా చెమట. నేను ఆమె ముందు కూర్చున్నాను. ఆంటీ ఎలా అడగమన్నారో అలాగే, తండ్రి ఎదురుగానే అడిగాను. "నాన్న గన్ తాళంచెవి ఎక్కడుందో తెలుసా?"

పాప నావైపు చూసింది, తండ్రి వైపు చూసింది. "చెప్పొచ్చా?" అని ఇంగ్లీషులో ఆయన్ని అడిగింది.

ఆయన మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత పాప తల నిమిరాడు. "చూశావా, దీని కళ్ళు పడనిది లేదు. పోనీలే, ఇవాళే ఇంకోచోట దాస్తాను."

"ఓకే" అంది పాప. ఆంటీ ఉన్నన్నాళ్ళూ తెరిచి ఉన్న ఆ ఇనుప తలుపుకి నుదురు ఆనించి, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొందరపడకుండా, వేళ్ళ సందుల్లోంచి తొంగిచూడకుండా, ఒక్క అంకె కూడా వదలకుండా లెక్కపెడుతోంది.