లండన్ ముక్క రుచి

మా నాన్న కుర్రతనంలో రంగూన్‌లోని ఒక ఇంగ్లీషు కలప కంపెనీలో గుమస్తా. ఏటా క్రిస్మస్‌కి దొర ఇచ్చే చాక్లెట్ కోసం మిగతా పదకొండు నెలలూ కాచుకుని ఉండేవాడట. తర్వాత కంపెనీని ప్రభుత్వం తీసేసుకుంది. దొర ఓడెక్కాడు. మా నాన్న ఆ ఊళ్ళోనే మింగళ తౌంగ్‌న్యున్‌లో చిన్న పచారీ కొట్టు పెట్టుకున్నాడు. ఆ చాక్లెట్ మాత్రం ఆయన నాలుక మీదే ఉండిపోయింది.

మా మావయ్య, అమ్మకి తమ్ముడు, చాక్లెట్ విషయంలో అమెరికా పక్షం. యుద్ధం రోజుల్లో వాళ్ళ కుటుంబం ఉత్తరాన మిచ్చీనా వైపు రైలు పట్టాల పనిలో ఉండేది. రెండు రోజులు తిండి లేని ఎనిమిదేళ్ళ పిల్లాడికి, లారీలో పోతున్న అమెరికా సైనికుడొకడు చాక్లెట్ విసిరాడు. ఆ పిల్లాడే మా మావయ్య. పెద్దయ్యాక తన్లిన్ నూనె శుద్ధి కర్మాగారంలో ఫిట్టరయ్యాడు. ప్రతి ఆదివారం పడవలో నది దాటి మా ఇంటికొచ్చి, మా నాన్నతో పోట్లాడి వెళ్ళేవాడు.

"అమెరికావోడిది మింగినాక గొంతు కాడ సన్నటి పులుపు తగుల్తాది బావా. అదే దాని గొప్ప."

"పులుపేటిరా? పాలు ఇరిగిపోయిన కంపు. లండన్‌ది నాలిక మీదెడితే ఎన్నలాగ జారిపోద్ది."

"జారిపోడానికి అదేటి, ఆవదమా?"

నవ్వొచ్చే సంగతేమిటంటే, దేశం తలుపులు మూసుకుని విదేశీ సరుకు ఆగిపోయాక ఆ ఇద్దరూ ఏ చాక్లెట్టూ తిని ఎరగరు. జ్ఞాపకాలతోనే యుద్ధం. మా అమ్మ తాటిబెల్లం ముక్కలూ టీ గ్లాసులూ వాళ్ళ ముందు పెట్టి, "ముందు ఇవి తినండి, తరవాత తిట్టుకోండి" అనేది.

ఎనభై ఎనిమిదిలో, సైనిక ప్రభుత్వం మీద జనం తిరగబడ్డ ఏడు, మా వీధిలోని ఓడ సరంగు ఒకాయన రెండు చాక్లెట్లు తెచ్చిచ్చాడు. లండన్‌ది ఒకటి, అమెరికాది ఒకటి. మా ఇంట్లో సముద్రం దాటి వచ్చిన వస్తువేదైనా ముందు దేవుడి అరలోకి వెళ్ళాలి. మంచిరోజు చూసి అమ్మ తీసిచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మంచిరోజు వచ్చేలోపు వీధులు జనంతో నిండాయి. కొట్లు మూతపడ్డాయి, పడవలు ఆగిపోయాయి. ఆదివారం పోట్లాటకని వచ్చిన మావయ్య మా ఇంట్లోనే చిక్కుకుపోయాడు. మా కాలేజీ మూసేశారు. నేను ఊరేగింపులకి రెండుసార్లు వెళ్ళి, పదిసార్లు వెళ్ళినట్టు చెప్పుకున్నాను.

వార్తలకి రేడియో ఒక్కటే దిక్కు. సెల్లులు అయిపోవస్తున్నాయి, కొత్తవి దొరకవు. మా నాన్నకి లండన్ వార్తలు కావాలి, మావయ్యకి అమెరికా వార్తలు. రెండూ వినేంత సెల్లు లేదు. దాంతో పందెం కుదిరింది: కళ్ళకి గంతలు కట్టుకుని రెండు చాక్లెట్లూ రుచి చూడాలి. సరిగ్గా చెప్పినవాడి దేశం వార్తలే రేడియోలో మోగుతాయి.

పందెం కుదిరేటప్పటికి లండన్ చాక్లెట్ ఇంట్లో లేదు. నాలుగు రోజుల ముందు, ఇంట్లో అందరూ బియ్యం వరసలో నిలబడ్డ మధ్యాహ్నం, నేను తినేశాను. ఆకలి కాదు, ఆశ. సబ్బు డబ్బా అట్టముక్క కత్తిరించి కాగితంలో పెట్టి, మళ్ళీ అరలో ఉంచి దండం కూడా పెట్టాను.

"నాకు పక్షపాతం లేదు, నేను తీర్పరిగా ఉంటాను" అని ముందుకొచ్చాను. వంటింట్లోకి వెళ్ళి అమెరికా చాక్లెట్టునే తుంచి రెండు పళ్ళేల్లో పెట్టాను. ఇరుగుపొరుగు చేరారు.

మొదట మా నాన్న. తువ్వాలు గంత కట్టుకుని మొదటి ముక్క నోట్లో వేసుకుని, "ఛీ, ఇరిగిన పాలు. అమెరికా" అన్నాడు. రెండోది వేసుకుని నెమ్మదిగా చప్పరించాడు. "ఇదీ! మా దొర బల్ల మీది చాక్లెట్. లండన్!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత మావయ్య. మొదటి ముక్కకి, "మావోడిదే" అన్నాడు. రెండోది నమిలాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదీ అమెరికాదే" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు.

"ఒరే అల్లుడా, రెండూ ఒకే దాన్లోంచి తీసేవేటిరా?"

నిజం చెప్పడానికి నాకు దొరికిన అవకాశం అదే. "లేదు మావా, రెండోది లండన్‌ది. ఇదిగో కాగితం" అన్నాను.

మావయ్య తువ్వాలు విప్పి కాగితం కేసి చూశాడు. "పులుపు తగిలిందిరా" అన్నాడు మెల్లగా. మా నాన్న తొడ చరిచి, "ఆకలి మీద తిన్నోడికి ఇసకైనా అమెరికాయే!" అన్నాడు. దానికీ జనం నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

సెల్లులు చచ్చేదాకా లండనే మోగింది. పడవలు నడిచాక మావయ్య వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడైనా మా నాన్న కవ్విస్తే, "నాకేటి తెలుసు బావా, సిన్నపిల్లోణ్ణి. ఆ రోజు ఏటి తిన్నానో ఏటో" అనేవాడు. నేను కాజేసింది దేవుడి అరలోని చాక్లెట్టే అనుకున్నాను. ఎనిమిదేళ్ళప్పుడు లారీ వెనక నిలబడి తిన్నదాని మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా కాజేశానని ఆ మాటతో తెలిసింది.

తెలిసి కూడా మూడేళ్ళు ఊరుకున్నాను. చివరికి రంగూన్‌లోనే లత అనే పేటలో ఒక కొట్టువాడి దగ్గర అమెరికా చాక్లెట్ దొరికితే, అది పట్టుకుని పడవెక్కి తన్లిన్ వెళ్ళి మావయ్యకి అంతా చెప్పాను. ఆయన కాగితం విప్పి ఒక ముక్క తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఉందిరా. పులుపుంది."

కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. "అయితే... మీ అయ్య... దొర బల్ల మీదిదన్నది..." దగ్గొచ్చేదాకా నవ్వాడు. "పద, ఇప్పుడే మీ నాన్నకి సెప్పీసొద్దాం."

కాళ్ళు పట్టుకున్నాను. కంపెనీ పోయాక మా నాన్న గెలిచిన పందెం అదొక్కటే. మావయ్య గడ్డం గీరుకుంటూ ఆలోచించాడు.

"సరే, సెప్పన్లే. గాని నీకు శిక్ష ఉంటాది."

ఆదివారం రానే వచ్చాడు. "బావా, ఆ రోజు లండన్ ముక్క ఎలాగుందో మళ్ళా ఓపాలి సెప్పు. అల్లుడా, నువ్వూ కూకో. పెద్దోళ్ళ మాటలు ఇనాల."

మా నాన్న మొహం వెలిగిపోయింది. వెన్నన్నాడు, మీగడన్నాడు. మావయ్య పురాణం వింటున్నట్టు చేతులు కట్టుకుని "అలాగా! ఆనక?" అంటూ నా కేసి చూసేవాడు. ఆరేళ్ళపాటు దాదాపు ప్రతి ఆదివారం ఇదే. వారం వారం ఆ ముక్కలోకి కొత్త సంగతులు చేరేవి. ఇంగ్లండ్ ఆవులు చేరాయి, అవి మేసిన గడ్డి చేరింది. నేను నవ్వలేను, లేచి పోలేను. టీ గ్లాసులో చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం మా నాన్న వేలెత్తి, ఎన్నడూ చెప్పనిది చెప్పాడు. "అన్నిటికన్నా అసలుది ఇంకోటుంది బామ్మర్దీ. మింగినాక, గొంతు కాడ సన్నటి పులుపు తగిలింది సూడు. లండన్ అంటే అదిరా!"

మావయ్య టీ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. ఆ రోజు నా కేసి చూడలేదు.

"అవును బావా," అన్నాడు, "అదే దాని గొప్ప."