మెడ మీద చెయ్యి

పక్షవాతం నుంచి తేరుకున్నాక కత్తెర మళ్లీ సెలూన్ నడిపే ఆయన చేతికి లొంగింది కానీ మొహాలు లొంగలేదు. మెదడులో మొహంలోని భావాన్ని చదివే చోటు దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. మనిషిని గుర్తుపడతాడు, ఆ మనిషి కోపంలో ఉన్నాడో దిగులులో ఉన్నాడో పోల్చుకోలేడు. క్రాపు పాడుచేశావని మీదికొచ్చినవాణ్ణి కూడా, "రండి సార్, మంచి హుషారుగా ఉన్నారే!" అనేవాడు.

"మీ ఆయన్ని తిట్టి లాభం లేదమ్మా, పొగిడామనుకుంటాడు" అని సెలూన్‌కి వచ్చేవాళ్లు అంటే ఆయన భార్య కూడా నవ్వేసేది.

ఒక ఉదయం ఆమె అక్క పోయినట్టు ఫోన్ వచ్చింది. కళ్లనీళ్లతో పరుగున సెలూన్‌కి వచ్చింది. ఆయన అద్దంలోంచే చూశాడు.

"ఏంటోయ్, నవ్వుతూ వచ్చావ్?"

ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఇక తన ఏడుపు కూడా తనే విడమరిచి చెప్పుకోవాలా? ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది.

"జుట్టు చూడు, ఎలా రేగిపోయిందో" అంటూ ఆయన ఆమె వెనక్కి వచ్చాడు. కుర్చీలో ఎవరు కూర్చున్నా ముందు మెడ మీద బొటనవేళ్లు ఆనించడం ఆయనకు అలవాటు. ఆనించి, ఆగిపోయాడు.

"మెడ కొయ్యలా బిగుసుకుపోయిందేమే? నీ మొహం చూసి పొరబడ్డాను కదూ? ఏం జరిగింది?"

"అక్క పోయింది."

ఆయన కుర్చీని అద్దం కనబడకుండా పక్కకు తిప్పాడు. ఆమె ఏడ్చినంతసేపూ మెడ మీది చెయ్యి తియ్యలేదు.