కొసరుగా ఇచ్చిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏ వస్తువునూ చెప్పిన ధరకు కొనగా నేను చూడలేదు. గోరంట్ల బజారులో మాది గిన్నెల అంగడి. పక్కన పెదనాయనది బట్టల అంగడి, ఎదురుగా మేనమామది పప్పులూ బెల్లమూ అమ్మే అంగడి. పిల్లలం మాటలు నేర్చుకున్నదే ఆ అరుగుల మీద కూర్చొని. మా అందరిలోకీ బేరమాడటంలో నాకు పేరుండేది. పదకొండేళ్ళకే పక్కింటి అక్కలు గాజులు కొనడానికి నన్ను వెంట తీసుకుపోయేవారు. నన్ను దూరం నుంచి చూస్తేనే గాజులాయన మూట సర్దుకుంటాడని మా అవ్వ నవ్వేది. పరీక్షలప్పుడు దేవుడికి కూడా నేను టెంకాయ ఒప్పుకున్నది ఒక్క లెక్కలకే. తక్కినవాటికి కర్పూరంతో సరిపెట్టుకోమని చెప్పేదాన్ని.

అలాంటి నేను ఆడిన బేరాలన్నిటిలోకీ బాగా కుదిరిన బేరం ఒకటుంది. దాన్ని తలచుకున్నప్పుడల్లా ఎదురుగా ఎవరూ లేకపోయినా తల వంచుకుంటాను.

మా నాయన వారానికొకసారి హిందూపురం సంతకు గిన్నెలు తీసుకుపోయేవాడు. అందుకు తన స్నేహితుడి వ్యాను ఒకటి మాట్లాడుకున్నాడు. దాన్ని తోలేది ఎప్పుడూ ఒకాయనే. ఊరి బయట చర్చి పక్క ఇళ్ళలో ఉండేవాడు. ఆయన అమ్మా నాయనా ఒకరి చేలలో శనక్కాయలు పెరికే కూలికి పోయేవాళ్ళు. ఆయన మాత్రం లారీల మీద క్లీనరుగా చేరి, స్టీరింగు నేర్చుకొని, పరీక్షకు పోయి లైసెన్సు తెచ్చుకున్నాడు. వాళ్ళ వీధిలో అది మొదటి లైసెన్సు. నేను ఆయనను డ్రైవరన్నా అనేదాన్ని. ఆయన నన్ను పాపా అనేవాడు.

సీటు కింద ఆయనకొక తగరపు డబ్బా ఉండేది. అందులో బండి కాగితాలు, లైసెన్సు, వాటితోపాటు ఒక పాత రసీదు గుడ్డలో చుట్టి ఉండేవి. ఎప్పుడో వెనక దీపం వెలగని బండి నడిపినందుకు కోర్టుకు పోయి జరిమానా కట్టిన రసీదు అది. వేరేవాళ్ళయితే అలాంటిది దాచుకుంటారు. ఆయన గొప్పగా చూపించేవాడు. "ఆ పొద్దు తప్పు నాదే పాపా. కట్టినా, కాగితం తీసుకున్నా. నా పేరుమీద తప్పుండాది అంటే ఇదొక్కటే" అనేవాడు.

పోలీసులు ఆపితే ఆయనకొక పద్ధతి ఉండేది. బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, చొక్కా గుండీలు పెట్టుకొని తానే దిగిపోయేవాడు. అడిగిన కాగితం ఇచ్చేవాడు. ఏం తప్పు సార్ అని మెల్లగా అడిగేవాడు. తప్పుంటే రాయమనేవాడు, కోర్టులో కడతాననేవాడు. లైసెన్సు తీసుకుంటే దానికి చీటీ రాసివ్వాలనీ, తాళం లాక్కొనే హక్కు వాళ్ళకు లేదనీ క్లీనరుగా ఉన్న రోజుల్లో ఒక ముసలి డ్రైవరు చెప్పాడట. ఆ మాటలు ఆయన అనేటప్పుడు గొంతు పెంచేవాడు కాదు, అలాగని చేతులు కట్టుకొని నిలబడేవాడూ కాదు. ఆ రోడ్డు మీద ఉన్న పోలీసులందరికీ ఆయన సంగతి తెలుసు. వాళ్ళలో మంచివాళ్ళు కాగితాలు చూసి పొమ్మనేవారు. చెయ్యి చాపే అలవాటున్నవాళ్ళు రాసే ఓపిక లేక పొమ్మనేవారు. మా నాయనకు ఇదంతా చాదస్తంగా కనిపించేది గానీ, సరుకు వేళకు చేరుతున్నంతకాలం ఏమీ అనలేదు.

ఒక వేసవిలో పెళ్ళిళ్ళ సంతకు నన్నూ వ్యాన్లో ఎక్కించుకున్నారు. లేపాక్షి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్కన జీపు నిలబెట్టి ఉంది. అందులో కొత్తగా వచ్చిన ఎస్సై, కింద ఒక కానిస్టేబుల్. డ్రైవరన్న ఎప్పటిలాగే దిగి కాగితాలు ఇచ్చాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. ఎస్సై వ్యాను వెనక్కి నడిచి, కొప్పులా పేర్చిన గిన్నెలను చూసి, లోడు ఎక్కువుండాది అన్నాడు.

"గిన్నెలు గదా సార్, చూసేకి ఎత్తే గానీ బరువుండదు. కాటా కాడికి పోదాం, తూకం వేసి చూడండి."

ఇందులో తప్పు మాట ఏముందో నాకిప్పటికీ తెలియదు. కానిస్టేబుల్ ముందు ఒక డ్రైవరు తనకు తూకం చెప్పడం ఎస్సైకి నచ్చలేదేమో. లైసెన్సు తన చొక్కా జేబులో పెట్టుకొని, చెయ్యి లోపలికి పెట్టి బండి తాళం తీసుకున్నాడు. డ్రైవరన్న లైసెన్సుకు చీటీ రాసివ్వమన్నాడు, లోడు ఎక్కువని రాస్తే కోర్టులో చెప్పుకుంటానన్నాడు. ఎస్సై రాయలేదు, తిరిగి ఇవ్వలేదు. పోయి జీపులో కూర్చున్నాడు.

గంట గడిచింది. ఇంకా విత్తనం పడని ఎర్ర చేల మీదుగా వేడిగాలి కొడుతోంది. సంతకు పోయే వ్యాపారుల బండ్లు ఒక్కొక్కటే నెమ్మదించి, కానిస్టేబుల్ చేతిలో ఏదో పెట్టి పోతున్నాయి. వాటిలో ఒక బండి నుంచి మాకు తెలిసిన బెల్లం వ్యాపారి తల బయటపెట్టి, "ఏమప్పా సావుకారూ, గిన్నెలు ఎండబెడతాండావా?" అని నవ్వుకుంటూ పోయాడు. మా నాయన మొహం మాడిపోయింది. డ్రైవరన్న మాత్రం వ్యాను నీడలో నిలబడి, "సావుకారూ, నువ్వు వెనకొచ్చే బండికి సరుకు ఎక్కించుకొని పో. లైసెన్సు నాది. సాయంత్రమైనా రాసియ్యాల, లేకుంటే తిరిగియ్యాల. నేనీడే ఉంటా" అన్నాడు.

నిజానికి అదే సంతకు వస్తున్న మా మేనమామ బండి ఇంకా వెనకే ఉంది. నాయన ఆ మాటకు సగం ఒప్పుకున్నాడు కూడా. ఇంకాసేపు ఓపిక పట్టి ఉంటే ఏమై ఉండేదో ఎన్ని రాత్రులు ఆలోచించానో. ఓపిక పట్టనిదాన్ని నేనే. కానిస్టేబుల్ చూపు గిన్నెల పైన మెరుస్తున్న స్టీలు క్యారియరు మీద రెండుసార్లు ఆగడం నేను గమనించాను. కొనేవాడి కన్ను ఎక్కడ ఆగుతుందో చూడటమే కదా మా ఇంట్లో నేర్పిన చదువు. దిగి ఆయన దగ్గరికి పోయాను.

"ఆ అయిదు గిన్నెల క్యారియరు బాగుండాదే పాపా" అన్నాడాయన. "సారు ఈడ కొత్తగా కాపురం పెట్టినాడు."

"అది పెండ్లోళ్ళు చెప్పి తెప్పించుకున్నది. మూడు గిన్నెలదుండాది."

"నాలుగు."

"మూడే. కావాలంటే మూతమీద సారు పేరు కొట్టించి ఇస్తా."

ఆయన తుళ్ళిపడి జీపు వైపు చూసి, నవ్వాపుకుంటూ, "పేరొద్దులే తల్లీ" అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, సారు పరువు కూడా నిలబడాలి కాబట్టి మీవాడు పోయి తప్పైంది సార్ అని ఒక్క మాట అనాలన్నాడు.

మా అంగట్లో బేరం తెగాక కొన్నవాళ్ళ చేతిలో ఒక చిన్న స్పూను కొసరుగా పెట్టేవాళ్ళం. దాని ఖరీదు మాకు లెక్కలోకి వచ్చేది కాదు, కొన్నవాళ్ళు మాత్రం సంతోషంగా పోయేవాళ్ళు. ఆ కానిస్టేబుల్ అడిగిన మాట నాకు అలాంటి స్పూనులాగే కనిపించింది. బరువు లేదు, ఖర్చు లేదు. అంటాడులే అని చెప్పేసి, క్యారియరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

సంగతి విని మా నాయన ముందు నివ్వెరపోయాడు, తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు. డ్రైవరన్న భుజం మీద చెయ్యి వేసి, "ఒక మాటే గదప్పా, మాటకేం బరువు. నా మొగం చూసి అనేయ్" అన్నాడు. బండి ఆసామి మా నాయనకు స్నేహితుడు. కాదంటే ఆ కొలువు ఉండదని డ్రైవరన్నకు తెలుసు. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నేను ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదు. ఇది నువ్వా చేసింది అన్నట్టు చూసి, జీపు దగ్గరికి నడిచాడు. అంతవరకూ ఆయన భుజం మీది తువ్వాలు ఎవరి ముందూ దిగడం నేను చూడలేదు. దాన్ని తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తప్పైంది సార్."

ఎస్సై తల తిప్పకుండా, "ఏం తప్పైంది?" అన్నాడు.

డ్రైవరన్న వ్యాను వైపు ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత, "లోడు ఎక్కువేసినా సార్" అన్నాడు.

లైసెన్సూ తాళమూ కానిస్టేబుల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు, బేరం నీదే కదా అన్నట్టు. దారి పొడుగునా మా నాయన నన్ను మెచ్చుకుంటూనే ఉన్నాడు. అయిదు గిన్నెలది అడిగినవాడిని మూడు గిన్నెలకు దించిన నా తెలివిని సంతలో ముగ్గురికి చెప్పాడు. నేను ఆ రోజంతా గాల్లో తేలుతూనే ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో నాయన కునుకు తీస్తుంటే, డ్రైవరన్న రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా మాట్లాడాడు. "బేరం బాగా చేసినావు పాపా. మీ అంగట్లో సరుకైతే ఏమన్నా చెయ్యి. నేను నా లైసెన్సును అమ్మకానికి పెట్టినానా? నాది నాకిచ్చేదానికి బేరమేంది?" అన్నాడు. చాలా దూరం పోయాక, నేను నిద్రపోయానని అనుకున్నాడో ఏమో, తనలో తాను అన్నట్టు, "క్యారియరు మీది. ఆ మాట నాది" అన్నాడు.

అంతకుమించి ఎప్పుడూ నన్ను ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఆ రోడ్డంతా పాకింది. తర్వాతి వారాల్లో పోలీసులు ఆపినప్పుడు ఆయన రాయమంటే, ఆ పొద్దు నువ్వే ఒప్పుకుంటివి గదప్పా అని నవ్వేవారట. ఈ వారం గిన్నెల్లేవా అని ఆటపట్టించేవారట. ఏళ్ళ తరబడి ఒక్క పైసా ఎవరికీ పెట్టకుండా ఆయన నిలబెట్టుకున్న పద్ధతిని నేను ఒక స్పూను కింద జమకట్టి ఇచ్చేశాను. వానలు మొదలుకాకముందే ఆయన ఆ వ్యాను వదిలేసి బెంగుళూరు వైపు లారీకి పోయాడు. తర్వాత వచ్చిన డ్రైవరు జీపు కనబడగానే నోటు పట్టుకున్న చెయ్యి బయటికి చాపేవాడు, బండి ఆపే పని కూడా లేకుండా. సరుకు వేళకు చేరేది. మా నాయన చాలా సంతోషించాడు.

నా పెళ్ళయిన చాన్నాళ్ళకు గోరంట్ల బస్టాండులో ఒకసారి కనిపించాడు. జుట్టు నెరిసింది, తువ్వాలు భుజం మీదే ఉంది. మా నాయన ఆరోగ్యం అడిగాడు. "బేరాలు యట్లుండాయి పాపా?" అని నవ్వాడు. ఆయనతో ఒక మాట అనాలని అప్పటికి ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నాను. తీరా చూస్తే నాకు తెలిసిన మాట ఒకటే, తప్పైంది. నేను ఆయన చేత బలవంతంగా పలికించిన మాటను ఆయనకే తిరిగి ఎలా ఇవ్వాలో తెలియలేదు. బాగుండాయన్నా అని మాత్రం అన్నాను. ఆ తర్వాత ఆయన కనిపించలేదు.

పోయిన నెల మా మనవడు కారు తోలుతుంటే బుక్కరాయసముద్రం దగ్గర ఒక పోలీసు అమ్మాయి ఆపింది. "అవ్వా, ఏదన్నా ఇచ్చి పోదాం" అంటూ వాడి చెయ్యి జేబులోకి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకొని, అద్దం దించి, ఏం తప్పమ్మా అని అడిగాను. బెల్టు పెట్టుకోలేదని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. వాడు నిజంగానే పెట్టుకోలేదు. మాదే తప్పు, రాయమ్మా అన్నాను. రాసింది, ఫోనుకు చలానా వచ్చింది. "కొత్తిమీర కట్టకు పావుగంట బేరమాడతావు, ఈడ ఒక్క మాట కూడా ఆడలేదే" అని వాడు ఇంటిదాకా సణుగుతూనే ఉన్నాడు. ఆ చలానాను అచ్చు తీయించి నా బీరువాలో దాచాను. తప్పు లేకుండా ఆపి ఉంటే, చీటీ చేతికొచ్చేదాకా సాయంత్రమైనా అక్కడే కూర్చునేదాన్ని.

కొత్తిమీర బేరం ఇప్పటికీ మానలేదు, మానలేను కూడా. బేరం తెగి కొసరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి ఒకసారి ఆగుతుంది. ఇస్తున్నది నాదేనా అని చూసుకుంటాను. ఆ రోజు కూడా అలా చూసుకొని ఉంటే, పట్టేది అర క్షణమే.