జపాను క్రియలూ మా అమ్మ ఓళిగలూ

అన్నం పెట్టి ఒక మనిషిని చంపబోయినదాన్ని నేను. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. మీరు మాత్రం హాయిగా నవ్వుకోండి. ఆయన బతికి బాగున్నాడు, దేవుని దయ.

బడి మొగం చూడకుండా నాయన దగ్గర ఇంట్లోనే చదువుకున్నాను. జపాను భాష మాత్రం నాయనకూ రాదు. దాన్ని ఫోను చూసి నేర్చుకున్నాను. ఒక్కో క్రియనూ ఆ పని చేస్తూ పైకి అనడం నా పద్ధతి. సంగటి కెలుకుతూ ఒకటి, బిందె ఎత్తుతూ ఇంకొకటి. పక్కింటామె అది విని, "పాపకు గాలి సోకినట్టుండాది, తాయెత్తు కట్టించు" అని అమ్మకు చెప్పిపోయింది.

వాన లేని నేలలో చెనిక్కాయ ఎట్లా పండిస్తామో చూడ్డానికి మోరి అనే జపాను పెద్దాయన గార్లదిన్నె దగ్గరున్న మా చేనికి వచ్చినాడు. ఆయన్ను తిప్పి చూపించే పని మా అన్నది.

"ఈ పొద్దు సరిగ్గా మాట్లాడితే ఆయప్ప ఉన్నన్నాళ్ళూ నువ్వే దుబాసీవి. లేకుంటే అనంతపురం నుంచి వేరేవాళ్ళను పిలిపిస్తా" అన్నాడు అన్న.

నా బతుకులో మొదటి ఉద్యోగం! దేవుడికి దండం పెట్టుకున్నాను.

ముందు భోజనం, తర్వాత చేను. సంగటి, ఊరిబిండి పచ్చడి, పప్పు, ఆపైన నెయ్యి పోసిన ఓళిగలు, అంటే బొబ్బట్లు. మోరి గారు ఆకు కడిగినట్టు తినేసినాడు.

"ఎంత ఆకలితో వచ్చినాడో పాపం! వెయ్యే" అంది అమ్మ.

వేసినాను. అదీ ఖాళీ. మళ్ళీ వేసినాను. ఆయన తల వంచి, "తరితే ఇమాస్" అన్నాడు.

నా గుండె ఉప్పొంగింది. ఆ క్రియ నాకు వచ్చు! సరిపోవడం!

"ఏమంటాండాడే?"

"చాలంట మా."

చాలు అంటే ఏమిటో మా ఇంట్లో తెలియనిదెవరికి? ఇంకొంచెం బతిమాలి పెట్టమని. అదే అమ్మకు వివరించినాను, మహా పండితురాలి మాదిరి: "మొహమాటపడతాండాడు మా."

ఇంకో రెండు ఓళిగలు పడినాయి. వాటివైపు ఆయన చూసిన చూపు, ఉరికంబమెక్కేవాడు తాడువైపు చూసే చూపు. అయినా తిన్నాడు. తిని, మెల్లగా పక్కకు ఒరిగి, చాపమీద వాలిపోయి కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడే అన్న లోపలికొచ్చినాడు.

"ఏం చేసినావే ఆయప్పను?"

"అన్నం పెట్టినా."

"ఎంత?"

అమ్మ ఓళిగల గిన్నె చూపించింది. దాని అడుగు తళతళ మెరుస్తాంది.

"సచ్చినామప్పా!" అని అన్న తల పట్టుకున్నాడు. నేను నోటికొచ్చిన దేవుళ్ళందరికీ టెంకాయలు మొక్కినాను.

జీలకర్ర నీళ్ళు తాగించినాక, పొద్దు వాలే వేళకు ఆయన లేచి కూర్చున్నాడు. చేను చూడనే లేదు. వచ్చీరాని మాటలతో తేల్చుకుంటే తెలిసింది: పెట్టింది వదిలిపెడితే వాళ్ళలో తప్పంట. మాకేమో ఆకు ఖాళీ అయితే ఇంకా కావాలని. పాపం, ఆయన తినేకొద్దీ మేము పెట్టినాము, మేము పెట్టేకొద్దీ ఆయన తిన్నాడు!

"రేపొక్కటే నీకు ఆఖరు అవకాశం" అన్నాడు అన్న.

అందుకని మోరి గారికి ఒక తెలుగు మాట నేర్పినాను. మరుసటి రోజు మొదటి వడ్డన కాగానే ఆయన చేతులు జోడించి, స్పష్టంగా, "చాలమ్మా" అన్నాడు.

అమ్మ కళ్ళనిండా నీళ్ళు. "అమ్మా అన్నాడే! నా బిడ్డ మాదిరి ఎంత ముద్దుగా పలికినాడే!" అంటూ మూడు ఓళిగలు ఒక్కసారే తీసింది.

మోరి గారు నావైపు చూసినాడు. ఆ చూపుకు సరిపడే క్రియ ఏ భాషలోనూ తోచలేదు. ఆయన ముందున్న ఆకు లాక్కుని నేను దొడ్లోకి ఒకటే పరుగు!

ఉద్యోగం నాకే వచ్చింది, దేవుని దయ. దుబాసీగా కాదు, ఆకు లాగేదానిగా అంటాడు అన్న.

ఆ రోజే దీపం ముందు ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ క్రియకైనా అర్థం చెప్పేముందు, అమ్మ చేతిలో గరిటె ఉందో లేదో చూసుకుంటాను.