రెండోసారి అడిగిన ఇల్లు

పోయిన వారం అమృతలూరు వెళ్ళాను. మా పిన్ని మనవడికి కొత్తగా పెళ్ళయింది, ఒంట్లో బాగోక పెళ్ళికి వెళ్ళలేకపోయాను కనక, పిల్లని ఒకసారి చూసి, ఇద్దరి కోసం ప్రార్థన చేసి వద్దామని తెనాలిలో బస్సెక్కాను. కోడలు చక్కని పిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేను కూర్చోగానే మంచినీళ్ళిచ్చి, "కాఫీ తాగుతారా అమ్మమ్మగారూ?" అని అడిగింది. "వద్దులేమ్మా, ఇప్పుడే తాగొచ్చాను" అన్నాను. నిజానికి పొద్దున్నించీ నా ధ్యాసంతా కాఫీ మీదే ఉంది. ఆ పిల్ల "సరేనండి" అని హాయిగా వచ్చి నా పక్కన కూర్చుంది.

అంతే, అక్కడితో అయిపోయింది కాఫీ సంగతి. ఆ పిల్ల తప్పేం లేదు, వద్దన్నది నేనే కదా. తిరుగు బస్సులో అది తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క సీట్లో ఆవిడ, "ఏంటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?" అంది. "ఏం లేదమ్మా, ఫ్రాన్సు గుర్తొచ్చింది" అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసి, కాస్త పక్కకి జరిగి కూర్చుంది.

కానీ నాకు గుర్తొచ్చింది నిజంగా ఫ్రాన్సే. నా పందొమ్మిదో ఏట, చదువుకోవడానికి ఒక ఏడాది అక్కడి వాళ్ళింట్లో ఉండటానికి వెళ్ళినప్పటి మొదటి రోజు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది, పైగా మా నాన్నగారు రేపల్లె చుట్టుపక్కల సంఘాల్లో వాక్యం చెప్పే పని మీద కొన్నాళ్ళు నగరం అనే ఊళ్ళో, కొన్నాళ్ళు ఇంకో ఊళ్ళో ఉండవలసి వచ్చేది, అందుకని అమ్మే నాకు బడి అయింది. బైబిలు మా వాచకం, కీర్తనల పుస్తకం మా పద్యాల పుస్తకం, లెక్కలు మాత్రం వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పలక పెట్టుకుని చేసేదాన్ని. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాసి ప్యాసయ్యాను. బాపట్లలో మా మేనత్త ఉండేది, పాండిచ్చేరి ఆసుపత్రిలో నర్సుగా చేసి వచ్చిన మనిషి, ఫ్రెంచి నీళ్ళలా మాట్లాడేది. సెలవులకి వెళితే నన్ను సూర్యలంక తీసుకెళ్ళి, ఇసకలో కూర్చోబెట్టి, వల లాగే వాళ్ళని చూపిస్తూ అది ఫ్రెంచిలో చెప్పు, ఇది ఫ్రెంచిలో చెప్పు అని ప్రాణం తీసేది. ఆ ప్రాణం తీసినందుకే ఆవిణ్ణి ఇప్పటికీ నా ప్రార్థనలో తలుచుకుంటాను. మా చర్చివాళ్ళూ అక్కడి చర్చివాళ్ళూ కలిసి పిల్లల్ని అటూ ఇటూ ఏడాదికని పంపే ఏర్పాటు ఒకటి వచ్చినప్పుడు, కాలేజీల్లో చదివినవాళ్ళని కాదని నన్ను ఎంచుకోవడానికి ఆ ఇసకలో నేర్చుకున్న మాటలే కారణం.

మా పెదనాన్నకి మాత్రం ఇది బొత్తిగా మింగుడు పడలేదు. నేను బయల్దేరే ముందు రేపల్లెలో మా ఇంటికి వచ్చి, అందరి ముందూ, "బడి గడప తొక్కని పిల్లని ఫ్రాన్సు పంపుతున్నావంట్రా? బాగుంది. ఈ ఆదివారం ఎక్కించండి, వచ్చే ఆదివారం ఆరాధనకి ఇక్కడే ఉంటది" అన్నాడు. మా నాన్నగారు తలొంచుకున్నారు. నా బట్టలు మడతపెడుతున్న అమ్మ తలెత్తకుండానే, "అట్టాగే చూద్దాం లెండి బావగారూ" అంది. ఆ మాటతో నా ప్రయాణం నా ఒక్కదానిదే కాకుండా పోయింది. నేను నెగ్గితే అమ్మ చెప్పిన చదువు నెగ్గినట్టు, నేను తిరిగొస్తే అమ్మ ఓడిపోయినట్టు.

పెట్టె మూశాక అమ్మ నాకు చెప్పిన జాగ్రత్తల్లో మొదటిది మన ఇళ్ళలో ఆడపిల్లలందరికీ చెప్పేదే. "అడగంగానే చెయ్యి చాపమాక. మొహం వాచిపోయినోళ్ళలా ఉంటది. మొదట వద్దను. మళ్ళీ అడుగుతారుగా, అప్పుడు కొంచెం తీసుకో."

నేను వెళ్ళింది ఫ్రాన్సు తూర్పు వైపున కొండల పక్కన చిన్న ఊరు. స్టేషనుకి నేను ఉండబోయే ఇంటి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన కలపకోత మిల్లులో పని చేసేవాడు, ఆవిడ చిన్నపిల్లల బళ్ళో టీచరు. ఇంట్లో వీళ్ళు కాక ఆవిడ తల్లి, ముసలావిడ ఒకరు, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. వెళ్ళీ వెళ్ళగానే కాఫీ తెచ్చి తాగుతావా అన్నారు. వద్దండి అన్నాను. ట్రే లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ అడుగుతారని గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాను, కాఫీ రాలేదు కానీ బ్రెడ్డూ వెన్నా వచ్చాయి, తింటావా అన్నారు, వద్దండి అన్నాను, అవీ వెళ్ళిపోయాయి. స్నానం చేస్తావా అంటే వద్దన్నాను, కాసేపు పడుకుంటావా అంటే వద్దన్నాను. మధ్యాహ్నం భోజనంలో ఏదో కోడికూర, ఘుమఘుమలాడుతోంది, అది నా ముందుకు వచ్చి, వద్దండి అనగానే నన్ను దాటిపోయింది. మంచినీళ్ళు మాత్రం ఎవరూ అడక్కుండానే పోశారు కనక అవి కడుపునిండా తాగాను. పోనీ నేనైనా మర్యాద చేద్దామని అమ్మ కట్టిచ్చిన అరిసెలు విప్పి తీసుకోండి అన్నాను. మొదట వద్దంటారు, అప్పుడు బతిమాలాలి అని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. వాళ్ళు ఒక్కసారికే తలా ఒకటి తీసుకుని, బాగున్నాయని ఇంకోటి కూడా తీసుకున్నారు. వీళ్ళకి మొహమాటమే లేదేంటి దేవుడా అనుకున్నాను.

సాయంత్రం నడవలో ఫోను దగ్గర ఆ ఇంటావిడ గొంతు వినబడింది. మమ్మల్ని ఇళ్ళల్లో సర్దిన చర్చి ఆవిడతో మాట్లాడుతోంది. మా మేనత్త పుణ్యమా అని ప్రతి మాటా అర్థమైంది. "పాపం, ఆ అమ్మాయికి మా ఇల్లు నచ్చలేదు. ఏది పెట్టినా ముట్టుకోదు. బలవంతంగా ఉంచడం న్యాయం కాదు, రేపు పొద్దున వచ్చి వేరే ఇంటికి తీసుకెళ్ళండి" అంటోంది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు దాచుకుంటున్న గొంతు అది. మొదటి రోజే ఒక ఇంటివాళ్ళు వద్దన్న పిల్లని రెండో ఇల్లు ఎందుకు ఉంచుకుంటుంది? మా పెదనాన్న చెప్పిన ఆదివారం నా కళ్ళ ముందు కనిపించింది.

ఏం చెయ్యాలో తోచక, చేతులు ఊరికే ఉంచుకోలేక, కిటికీ దగ్గర ముసలావిడ చిక్కుడుకాయలు వొలుస్తుంటే పక్కన కింద కూర్చుని నేనూ వొలవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకి ప్రార్థన చేసుకోవడం అలవాటు, అక్కడేమో ఎంతకీ పొద్దు గుంకలేదు, అందుకని ఎండలోనే, గింజలు వొలుస్తూనే మనసులో చెప్పుకున్నాను: ప్రభువా, మా అమ్మ మాట పోనివ్వకు.

రాత్రి భోజనానికి అందరం కూర్చున్నాం, అప్పటికింకా బయట వెలుతురే. ఎవరిది వాళ్ళు వడ్డించుకుంటుంటే నాకు మనసొప్పలేదు. మన ఇళ్ళల్లో ఎదిగిన ఆడపిల్ల ఉండగా పెద్దవాళ్ళు గరిటె పట్టుకుంటారా? వెళ్ళిపోయేదాన్ని ఎలాగూ వెళ్ళిపోతున్నాను, ఒక్క పూటైనా ఇంటి పిల్లలా ఉందామని లేచి బంగాళాదుంపల గిన్నె తీసుకుని ముసలావిడ దగ్గరికి వెళ్ళాను. ఒక గరిటె వేసి, ఇంకొంచెం అన్నాను. చాలంది. "కొంచెమండి, మీరేం తినలేదసలు" అన్నాను. చాలని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి పక్కనించి ఇంకో గరిటె వేసేశాను. ఇంటావిడ నోరు తెరుచుకుని చూస్తోంది. ముసలావిడ తన పళ్ళెం వంక చూసింది, నా వంక చూసింది, నా ఖాళీ పళ్ళెం వంక చూసింది. తరవాత గరిటె నా చేతిలోంచి తీసుకుంది.

నీకు వెయ్యనా అంది. అలవాటుగా వద్దండి అన్నాను. ఆవిడ గిన్నె తీసుకెళ్ళిపోలేదు. అక్కడే పట్టుకుని, "వేస్తాను, తిను" అంది.

నేను పళ్ళెం ముందుకు జరిపాను. అంత తొందరగా ఎలా జరిపానో ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ముసలావిడ పకపకా నవ్వి కూతురి వైపు తిరిగి, "ఈ పిల్లకి మన ఇల్లు నచ్చకపోవడం కాదే. పొద్దున్నించీ రెండోసారి అడుగుతావని చూస్తోంది. మా అమ్మ కాలంలో మా పల్లెలో కోతలకి వచ్చినవాళ్ళు కూడా ఇంతే, మొదటిసారి ఎవ్వరూ తీసుకునేవాళ్ళు కాదు. నువ్వు టౌన్లో పెరిగావు, నీకేం తెలుసు" అంది. ఇంటావిడ లేచి వెళ్ళి ఫోను చేసి, రేపు రావద్దని చెప్పింది. తిరిగి వచ్చి సూపు, బ్రెడ్డు, వెన్న, మధ్యాహ్నం మిగిలిన కోడికూర, పొద్దుటి కాఫీతో సహా అన్నీ నా ముందు పెట్టి, ఒక్కొక్కటీ రెండేసి సార్లు అడిగి, నా చేత తినిపించింది. కళ్ళు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుంటుంటే, భోజనానికి ముందు ప్రార్థన అలవాటు లేని ఆ ఇంట్లో ముగ్గురూ చెంచాలు కింద పెట్టి నా కోసం ఆగారు.

ఆ ఏడాది అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చాక బాపట్లలో ఎంతోమంది పిల్లలకి ఫ్రెంచి చెప్పాను, వాళ్ళల్లో కొందరు దేశాలు తిరిగారు. మా పెదనాన్న కూడా చివరి రోజుల్లో వచ్చినవాళ్ళందరికీ, "మా పిల్లండీ, ఫ్రాన్సులో చదివింది" అని నన్ను చూపించేవాడు. అమ్మ మాత్రం ఆయనకి మజ్జిగ ఇంకో గ్లాసు పోసేది, వద్దంటున్నా సరే.

ఆ ముసలావిడ ఇప్పుడు లేదు. అప్పటి ఇంటావిడే ముసలిదైంది. ప్రతి క్రిస్మసుకీ ఫోన్ చేస్తుంది, ఈమధ్య మొహాలు కూడా కనిపిస్తున్నాయి. పోయిన క్రిస్మసుకి వాళ్ళ మనవలు భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఉంటే, ఒక పిల్లాడు కేకు వద్దన్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. వాడు విసుక్కుంటే, ఈ ఇంట్లో ఇంతే, ఇది రేపల్లె పద్ధతి అంది. వాడు నిట్టూర్చి పళ్ళెం జరిపాడు. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. అక్షరం ముక్క ఫ్రెంచి రాని మా అమ్మ అంత దూరం వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చున్నట్టు అనిపించింది.

ఇక్కడేమో కాలం మారింది. వద్దంటే వద్దనే అనుకుంటున్నారు, ఒక రకంగా అదీ మంచిదే, మనసులో మాట పైకి చెప్పుకోవడం ఈ కాలం పిల్లలకి వచ్చినట్టు మాకు రాలేదు. ఈసారి అమృతలూరు వెళ్ళినప్పుడు ఆ పిల్ల అడగ్గానే తాగుతానమ్మా అనాలని బస్సు దిగేలోపే గట్టిగా అనుకున్నాను. కానీ నా నోరు నాకు తెలుసు. వద్దులేమ్మా అనే అంటుంది, నేను మళ్ళీ గుమ్మం వంక చూస్తూ కూర్చుంటాను.