ఎర్రెద్దు ఎందుకు కూలబడేది

నా చిన్నప్పుడు కళ్లారా చూశాను కాబట్టే ఇంత గొడవపడుతున్నాను, మొండితనం పుట్టుకతోనే వస్తుందంటే ఒప్పుకోను! పొద్దున్నుంచీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇదే వాదన. టైపు చేసి చేసి నా వేళ్లు నొప్పెట్టాయి.

తమ్ముడు పుట్టినప్పుడు ఆ వానాకాలమంతా నన్ను హైదరాబాద్ నుంచి తెచ్చి, జూలూరుపాడు దగ్గర మా తాతయ్య ఇంట్లో ఉంచారు. అడవి అంచున పత్తి చేను. సాళ్ల మధ్య కలుపు తీసే గుంటక లాగే ఎర్రెద్దంటే నాకు ప్రాణం. కానీ అది సాలు మధ్యలోనే కూలబడేది. కొట్టినా లేచేది కాదు. పశువుల డాక్టర్ రోగమేమీ లేదన్నాడు. విసిగిపోయిన తాతయ్య పశువుల బేరగాడికి కబురు పెట్టాడు. అమ్మితే కబేళాకే పోతుందని తెలిసి నాకు ఏడుపు ఆగలేదు.

మా మేనత్త ఒక పూటంతా గట్టు మీద కూర్చుని, ఎద్దు కంటే తాతయ్యనే ఎక్కువ చూసింది.

"ఏంది నాయినా, అది పండుకోంగనే గుంటక ఇప్పుతున్నవ్, నీడకు తోల్కపోయి ఉలవలు పెడ్తున్నవ్. గట్లయితే నేనైనా పండుకుంట!"

"అలిసిందే బిడ్డా, పాపం."

"అవ్, మంచిగ నేర్పినవ్!"

వచ్చే సంతదాకా బేరగాణ్ణి ఆగమంది. ఇక కూలబడితే ఎవరూ పలకరించకూడదు, విప్పకూడదు. నడుస్తున్నప్పుడే ఆపి ఉలవలు పెట్టాలి. మొదట్లో ఇంకా ఘోరం! ఎద్దు పడుకునే రంకెలు వేసింది, కొమ్ములతో మట్టి కుమ్మింది. తాతయ్య చెయ్యి తాడు మీదికి పోతుంటే అత్త "నాయినా!" అని గద్దించేది. ఎంతసేపటికో అదే లేచింది. నాలుగడుగులు వేసిందో లేదో, అత్త ఉలవల తట్టతో ఒకటే పరుగు, వెనకాలే నేను! తర్వాత సగం సాలు నడిచింది. ఆ తర్వాత సాలంతా.

సంత రోజు బేరగాడి కళ్లముందే ఎర్రెద్దు ఎక్కడా కూలబడకుండా చేను చివరిదాకా పోయింది. నేను గట్టు మీద ఎగిరి గంతులేశాను.

"గిదేనా పండుకునే ఎద్దు? నన్నెందుకు పిలిచినవే పెద్దయ్యా?"

"చాయ్ తాగిపో తమ్మీ. దాన్ని అమ్మను," అన్నాడు తాతయ్య, తల తిప్పుకుని.

అప్పటి నుంచి ఎవరు మారాం చేసినా నా చూపు వాళ్ల మీద నిలవదు. మరుక్షణం వాళ్లకేం దొరుకుతోంది, ఎవరిస్తున్నారు అని వెతుకుతుంది. అలా ఇచ్చే చెయ్యి ఒకటి లేకుండా మొండితనం పెరిగిన ఇల్లు, ఒక్కటంటే ఒక్కటి, చూపించగలరా మీరు?